కంపెనీ వెబ్‌సైటును పరీక్షించుట ఎట్లు?
విదేశోద్యోగములు కోరు యువకులకును, వారి తల్లిదండ్రులకును

సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని రంగును చూచి ధర కట్టడు. పండ్లు లెక్కించును, నాలుగు అడుగులు నడిపించి చూచును, కాడికి కట్టి పరీక్షించును, అమ్మువాని ఊరు పేరు విచారించును. భూమి కొనదలచినవాడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి, ఆ భూమిపై అప్పులు, తగాదాలు ఏవియు లేవని కాగితము తీయించును. ఇంతటి జాగరూకత గల మన గ్రామీణులే, చేతిలోని ఫోనునందు ఒక కంపెనీ వెబ్‌సైటు అందముగా కనబడినంతనే వేలకు వేలు పంపి మోసపోవుచున్నారు. దీనికి కారణము తెలివితక్కువతనము కాదు. ఎద్దును పరీక్షించు విధము తాతలనాటినుండి వచ్చినది; వెబ్‌సైటును పరీక్షించు విధము మాత్రము వారికెవ్వరును చెప్పలేదు. ఆ విధమును తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల ప్రజలకు వలస క్రొత్త కాదు. బ్రిటిషువారి కాలమున ఈ తీరమునుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగూనుకు పోయి, రేవులలోను ధాన్యపు మిల్లులలోను కూలి చేసిరి. నాడు వారిని కొనిపోయినవాడు మేస్త్రీ. అతని మాటయే వారికి ఆధారము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసిన పిమ్మట, బయటికి పోయి బ్రతుకవలెనను ఆలోచన అనేక కుటుంబములలో మరింత బలపడినది. నేడు మేస్త్రీ స్థానమున ఏజెంటు వచ్చినాడు. అతని చేతిలో ఒక వెబ్‌సైటు కూడ వచ్చినది.

ఏజెంటు మాటను నమ్మిన ఫలితము ఎట్లుండునో 2024వ సంవత్సరము మే నెలలో లోకమునకు తెల్లమైనది. డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి, ఒక్కొక్కరివద్ద సుమారు లక్షన్నర రూపాయలు వసూలుచేసి, ఉత్తర కోస్తా యువకులను కంబోడియాకు తరలించిన వ్యవహారమును విశాఖపట్నము నగర పోలీసులు బయటపెట్టి ఏజెంట్లను అరెస్టు చేసిరి. అక్కడికి చేరిన యువకుల పాస్‌పోర్టులు లాగికొని, భారతీయులనే ఫోనుపై మోసగించు పనిలో వారిని బలవంతముగా నియోగించిరి. అప్పటికే, అనగా 2024 మార్చి చివరినాటికే, కంబోడియానుండి సుమారు 250 మంది భారతీయులను విడిపించి తెచ్చినట్లు విదేశాంగ మంత్రిత్వశాఖ ప్రకటించియున్నది. కావున ఈ విషయమున పొరపాటు జరిగినచో పోవునది ధనము మాత్రమే కాదు. కన్నబిడ్డయే కంటికి దూరమగును.

ఉద్దానమున మేము చూచినది

ఇటీవల మేము పర్యటనలో భాగముగా ఉద్దానమున ఒక గ్రామమునకు పోయియుండగా, ఐ.టి.ఐ.లో వెల్డింగు నేర్చిన ఒక యువకుడు తండ్రితో కూడ మావద్దకు వచ్చినాడు. గల్ఫు దేశమున ఉద్యోగము ఖాయమైనదట. వీసా ఖర్చుల క్రింద 45,000 రూపాయలు ఆ సాయంత్రములోగా పంపవలెనట. ఫోనులో కంపెనీ వెబ్‌సైటును చూపినాడు. అద్దాల మేడ, కోటు ధరించిన అధికారులు, నవ్వుచున్న కార్మికులు, "పదునెనిమిది సంవత్సరముల అనుభవము" అను పెద్ద అక్షరములు అందున్నవి.

"బాబూ, తోట తనకా ఎట్టి తెచ్చిన డబ్బులివి. సాయంత్రం లోగా పంపకపోతే ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చేస్తారట" అని తండ్రి ఆదుర్దాపడినాడు.

"అయ్యా, సాయంత్రమునకు ఇంకను ఐదు గంటల వ్యవధి యున్నది. మనకు ఒక్క గంట చాలును" అని చెప్పి, పంచాయతీ కార్యాలయపు అరుగుపై కూర్చుండి, ఆ యువకుని ఫోనుతోనే పరీక్ష మొదలుపెట్టితిమి. ఆ గంటలో చేసిన పనినే ఇచట వరుసగా వ్రాయుచున్నాము. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, ఓపిక కావలెను.

మొదటి సూత్రము

వెబ్‌సైటు అనగా కంపెనీ తననుగూర్చి తాను చెప్పుకొను మాట. అందలి బొమ్మలు, బిరుదులు, ప్రశంసలు, చిరునామాలు అన్నియు ఆ కంపెనీవారు వ్రాసికొన్నవే. ప్రతివాది తన నిజాయితీకి తానే సాక్ష్యము చెప్పినచో పంచాయతీ పెద్దలు ఒప్పుకొనరు గదా! కావున వెబ్‌సైటులోని ప్రతి ముఖ్యమైన మాటకును ఆ వెబ్‌సైటునకు వెలుపల ఒక సాక్షిని వెదుకవలెను. సాక్షి దొరికిన మాట నిలుచును. దొరకని మాట నిలువదు. ఈ వ్యాసములోని తక్కిన విషయములన్నియు ఈ ఒక్క సూత్రమునకు వివరణములే.

1892లో విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడిన కన్యాశుల్కము నాటకములోని గిరీశమును ఎరుగని ఆంధ్రుడు లేడు. ఇంగ్లీషు మాటల గారడితో అతడు ఎదుటివారిని ముగ్ధులను చేయును. అందమైన వెబ్‌సైటు కూడ ఒక్కొక్కప్పుడు గిరీశము వంటిదే. మాటతీరును చూచి మురియక, చెప్పినది నిజమో కాదో విచారింపవలెను.

పేరును కుడివైపునుండి చదువవలెను

ప్రతి వెబ్‌సైటునకును ఒక చిరునామా కలదు. అది ఫోను తెరపై పైభాగముననో అడుగుభాగముననో కనబడును. మన ఉత్తరముపై చిరునామాలో మొదట మనిషి పేరు, తరువాత ఊరు, చివర జిల్లా వచ్చును. వెబ్‌సైటు చిరునామా కూడ అట్టిదే: అసలు యజమాని ఎవరో చెప్పు భాగము చివరనుండును. మొదటి గీత (ఏటవాలు గీత) వచ్చువరకు గల భాగమును తీసికొని, కుడినుండి ఎడమకు చదువవలెను.

దీనికి తిరుమల తిరుపతి దేవస్థానము విషయమే మంచి ఉదాహరణము. 2023 ఏప్రిలులో దేవస్థానమువారు తమ పేరిట నడచుచున్న ఒక నకిలీ వెబ్‌సైటుపై పోలీసులకు ఫిర్యాదు చేసిరి. అట్టివానిలో అది 41వది. అప్పటి అసలు చిరునామా "తిరుపతిబాలాజీ చుక్క ఏపీ చుక్క జీఓవీ చుక్క ఇన్" అని యుండగా, నకిలీది "తిరుపతిబాలాజీ అడ్డగీత ఏపీ అడ్డగీత జీఓవీ చుక్క ఓఆర్‌జీ" అని యుండెను. చుక్కలున్నచోట అడ్డగీతలు వచ్చినవి. చివరి మాట మారినది. చూపునకు రెండును ఒకటివలెనే యున్నవి. కాని "జీఓవీ చుక్క ఇన్" అను ముగింపు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే లభించును. "ఓఆర్‌జీ", "కామ్", వట్టి "ఇన్" అను ముగింపులను రుసుము చెల్లించిన ఎవరైనను కొనవచ్చును. కావున చిరునామా నడుమ "జీఓవీ" అను అక్షరములున్నంత మాత్రమున అది ప్రభుత్వముది కాదు, చివరనుండవలెను.

ప్రసిద్ధమైన కంపెనీల పేరులో ఒక అక్షరమును మార్చియు, "జాబ్స్", "కెరీర్స్" అను మాటలను తగిలించియు చిరునామాలను సృష్టించువారు కలరు. వాట్సాపులో వచ్చిన లింకును నొక్కి పోవుటకంటె, చిరునామాను మన చేతితో టైపు చేయుట మేలు. గూగులులో వెదకినప్పుడు అన్నిటికంటె పైన వచ్చునది రుసుము చెల్లించిన ప్రకటన కావచ్చును. పైన వచ్చినదే అసలుదని భావింపరాదు.

తాళము గుర్తు ఏమి చెప్పును?

చిరునామా ప్రక్కన తాళము గుర్తున్నచో వెబ్‌సైటు నమ్మదగినదని చాలమంది అనుకొందురు. ఇది పొరపాటు. మన ఫోనునకును ఆ వెబ్‌సైటునకును నడుమ పోవు సమాచారమును దారిలో మరెవ్వరును చదువలేరని మాత్రమే దాని అర్థము. ఉత్తరమును లక్కముద్ర వేసి పంపినట్లు. ముద్ర చెదరలేదు సరియే. కాని ఉత్తరము అందుకొనువాడు దొంగయైనచో ముద్ర వలన లాభమేమి? ఇట్టి ధ్రువపత్రములను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 నుండి ఉచితముగానే ఇచ్చుచున్నది. మోసగాండ్రును తీసికొనుచున్నారు. ప్రజలు ఈ గుర్తును తప్పుగా గ్రహించుచున్నారను కారణముననే గూగుల్ సంస్థ 2023 సెప్టెంబరులో తన క్రోమ్ బ్రౌజరునుండి తాళము గుర్తును తొలగించి వేరొక గుర్తును ఉంచినది. కావున ముద్రలేని వెబ్‌సైటులో మన వివరములు వ్రాయనే రాదు. ముద్ర ఉన్నంత మాత్రమున నమ్మనూ రాదు.

పుట్టిన తేదీ

భూమికి రిజిస్ట్రేషను ఉన్నట్లే వెబ్‌సైటు పేరునకు కూడ రిజిస్ట్రేషను కలదు. ఆ పేరు ఏ తేదీన నమోదైనదో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. "కామ్", "ఓఆర్‌జీ" వంటి ముగింపులు గల పేర్లను ఐకాన్ అను అంతర్జాతీయ సంస్థవారి "లుకప్" పుటలోను, "ఇన్" ముగింపు గలవానిని భారత రిజిస్ట్రీవారి "హూ ఈజ్" పుటలోను టైపు చేసినచో తేదీ తెలియును. యజమాని పేరు తరచుగా మరుగుపరచి యుండును. తేదీని మాత్రము చూడవచ్చును.

ఉద్దానపు యువకుడు చూపిన వెబ్‌సైటు పేరు నమోదై అప్పటికి ఇరువదిమూడు దినములు మాత్రమే యైనది! పదునెనిమిది సంవత్సరముల అనుభవము ఎక్కడ, ఇరువదిమూడు దినముల వయస్సు ఎక్కడ? క్రొత్త వెబ్‌సైటు తెరచుట నేరము కాదు. నిన్న మొదలైన మంచి కంపెనీలును ఉండవచ్చును. కాని చెప్పిన వయస్సునకును నమోదైన వయస్సునకును పొంతన లేనప్పుడు అడుగు ఆపవలెను.

మరి అద్దాల మేడ సంగతి? ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌తో వెదికించితిమి. అదే మేడ వేరువేరు దేశముల కంపెనీల పుటలలో దర్శనమిచ్చినది. అది ఎవరైనను వాడుకొను అమ్మకపు బొమ్మ. నవ్వుచున్న కార్మికులును అట్టివారే.

బయటి సాక్షులు ముగ్గురు

మొదటి సాక్షి కేంద్ర ప్రభుత్వ కార్పొరేటు వ్యవహారముల మంత్రిత్వశాఖ. మనదేశమున నమోదైన ప్రతి కంపెనీకిని 21 అక్షరములు, అంకెలు కలిసిన ఒక గుర్తింపు సంఖ్య ఉండును. దానిని సి.ఐ.ఎన్. అందురు. కంపెనీ ఏ రాష్ట్రమున, ఏ సంవత్సరమున నమోదైనదో ఆ సంఖ్యలోనే కనబడును. వెబ్‌సైటు ద్వారా వ్యాపారము చేయు కంపెనీ తన పేరు, రిజిస్టర్డు కార్యాలయపు చిరునామా, ఈ సంఖ్య, ఫోను, ఈమెయిలు, విచారణలకు సంప్రదింపవలసిన వ్యక్తి పేరు మొదటి పుటలోనే ప్రకటింపవలెనని 2014 నాటి కంపెనీల స్థాపన నిబంధనలలో 26వ నిబంధన చెప్పుచున్నది. సంఖ్య లేకపోయినచో అడుగవలెను. ఉన్నచో మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో సరిచూడవలెను. సొంత వ్యాపారముగా నడుపు చిన్న దుకాణమునకు ఈ సంఖ్య ఉండదు. కాని "ప్రైవేటు లిమిటెడ్" అని వ్రాసికొన్నవారికి ఉండి తీరవలెను.

రెండవ సాక్షి జి.ఎస్.టి. శాఖ. జి.ఎస్.టి. సంఖ్యలో 15 అక్షరములు, అంకెలు ఉండును. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. విశాఖపట్నమున కార్యాలయమున్నదని చెప్పుచు వేరొక రాష్ట్రపు సంఖ్యను చూపినచో కారణము అడుగవలెను. సంఖ్యను జి.ఎస్.టి. వెబ్‌సైటులో వేసినచో వ్యాపారి అసలు పేరును, నమోదు రద్దయినదో లేదో కూడ తెలియును.

మూడవ సాక్షి విదేశోద్యోగముల విషయమున అన్నిటికంటె ముఖ్యమైనది. 1983 నాటి ఎమిగ్రేషను చట్టము ప్రకారము, విదేశములకు కార్మికులను పంపు ఏజెంటు విదేశాంగ మంత్రిత్వశాఖవద్ద నమోదై లైసెన్సు పొందియుండవలెను. అట్టివారి పట్టికను మంత్రిత్వశాఖవారి "ఈమైగ్రేట్" వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థయైన ఓంక్యాప్ కూడ విదేశోద్యోగములకు అభ్యర్థులను పంపుచున్నది.

ఇచట ఒక చిక్కు కలదు. ఉద్దానపు యువకుని వెబ్‌సైటులో లైసెన్సు సంఖ్య యున్నది. దానిని ఈమైగ్రేట్ పట్టికలో వెదుకగా నిజముగనే కనబడినది! తండ్రి ముఖము వికసించినది. కాని పట్టికలో ఆ సంఖ్యకు ఎదుట వేరొక సంస్థ పేరు, వేరొక నగరపు చిరునామా ఉన్నవి. పట్టికలోని ఫోను సంఖ్యకు మాటలాడగా, ఆ వెబ్‌సైటు తమది కాదనియు, తమ సంఖ్యను ఎవరో కాజేసిరనియు వారు చెప్పిరి. దీనినుండి నేర్వవలసినది ఇది: సంఖ్య నిజమైనదగుట చాలదు, ఆ సంఖ్య వీరిదేనా యని చూడవలెను. అడుగునప్పుడు వెబ్‌సైటులోని ఫోనుకు కాక, ప్రభుత్వ పట్టికలోని ఫోనుకే అడుగవలెను. దొంగను అడిగినచో తాను దొంగనని చెప్పడు.

సాంకేతిక నాణ్యత

వెబ్‌సైటు చక్కగా పనిచేయుట, చేయకపోవుట కూడ చూడదగినదే. కాని దాని విలువ ఎంతవరకో తెలిసికొనవలెను. సిద్ధముగా నున్న నమూనాను కొద్దిపాటి ధరకు కొని ఒక్క దినములో అందమైన వెబ్‌సైటును నిలబెట్టవచ్చును. పలాసలో జీడిపప్పు వ్యాపారము నిజాయితీగా చేయు సంస్థ వెబ్‌సైటు నెమ్మదిగా తెరచుకొనవచ్చును. ఫోనులో అక్షరములు చిన్నవిగా కనబడవచ్చును. అది శ్రద్ధలేమియే గాని మోసము కాదు. కాని ఈ క్రింది లోపములు మాత్రము పైపూతను చూపునవి.

పుటలోని మీటలను ఒక్కొక్కటిగా నొక్కి చూడవలెను. "నిబంధనలు", "మా కార్యాలయములు" అనునవి ఎచటికిని పోకుండుటయో, వేరొక కంపెనీ పేరు గల పుటకు పోవుటయో జరిగినచో, ఆ వెబ్‌సైటు నకలు తీసినదని తెలియును. సొంత వెబ్‌సైటు గల కంపెనీ ఈమెయిలు సాధారణముగా ఆ పేరుమీదనే ఉండును. పెద్ద కంపెనీనని చెప్పుకొనుచు ఉచిత జీమెయిలును మాత్రమే చూపుట అనుమానింపదగినది. కార్యాలయపు ఫోను లేక, వాట్సాపు ఒక్కటే యుండుటయు అట్టిదే. అన్నిటికంటె అపాయకరమైనది, ఏ.పి.కె. అను ఫైలును ఫోనులో వేసికొమ్మని కోరుట. ప్లే స్టోరు ద్వారా కాక ఇట్లు వచ్చు ఫైలు మన ఫోనులోని సందేశములను, బ్యాంకు రహస్యములను చదువగలదు. ఉద్యోగపు దరఖాస్తునకు ఓ.టి.పి., బ్యాంకు పిన్ను అవసరము లేదు. అడిగినచో ఆ వెబ్‌సైటును వెంటనే మూసివేయవలెను.

డబ్బు అడుగు తీరు

చివరి పరీక్ష డబ్బు విషయమున జరుగును. లైసెన్సు గల ఏజెంటు కార్మికునివద్ద తీసికొనదగిన సేవారుసుము 30,000 రూపాయలకును, దానిపై 18 శాతము జి.ఎస్.టి.కిని మించరాదు. దానికి రసీదు ఇయ్యవలెను. విదేశపు యజమాని, ఏజెంటు, కార్మికుడు ముగ్గురును సంతకము చేసిన ఒప్పందపత్రము ఉండవలెను. అందు జీతము, పని షరతులు స్పష్టముగా ఉండవలెను. వీసా ఉద్యోగ వీసాయై ఉండవలెను. "మొదట సందర్శకుని వీసాపై పోవుడు, అక్కడ మార్పించెదము" అను మాట వినబడినచో ప్రయాణము మానుకొనవలెను.

ఉద్దానపు యువకునివద్ద 45,000 అడిగిరి. ఒప్పందపత్రము "అక్కడ ఇచ్చెదము" అనిరి. డబ్బు పంపవలసిన యు.పి.ఐ. సంఖ్యను ఫోనులో వేయగా, కంపెనీ పేరునకు బదులు ఎవరో వ్యక్తి పేరు వచ్చినది. "సాయంత్రములోగా" అను తొందర కూడ ఊరక పెట్టినది కాదు. ఆలోచించుటకు, అడిగి తెలిసికొనుటకు వ్యవధి దొరకకూడదనియే ఆ గడువు. మంచి ఉద్యోగము ఒక గంట విచారణకు పారిపోదు.

మోసపోయినచో

తండ్రి డబ్బు నిలిచినది. కాని వారి వీధిలోనే మరియొక యువకుడు రెండు దినముల క్రిందటనే అదే సంఖ్యకు డబ్బు పంపియుండెను. సిగ్గుచే ఇంటిలో చెప్పలేదు. ఇట్టి సిగ్గే మోసగానికి రక్ష. డబ్బు పోయినట్లు తెలిసిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. లేదా కేంద్ర ప్రభుత్వముయొక్క సైబర్ క్రైమ్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవలెను. లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తము సిద్ధముగా నుంచుకొనవలెను. డబ్బు ఒక ఖాతానుండి మరొక ఖాతాకు పారిపోకమునుపే సమాచారము అందినచో దానిని నిలిపివేయుటకు వీలుకలుగును. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును. వెబ్‌సైటు పుటలను, సందేశములను ఫోటో తీసి దాచవలెను, తుడిచివేయరాదు. ఆ రెండవ యువకునిచేత మేము అదే అరుగుమీదనుండి 1930కి ఫోను చేయించితిమి.

ఇట్టి నకిలీ వెబ్‌సైటు ఒకటి మూతపడినచో మరునాడు వేరొక పేరుతో మరొకటి తెరచుకొనును. పోలీసులు, ప్రభుత్వ శాఖలు ఎంత శ్రమించినను, ప్రతి ఇంట ఒకరైనను ఈ పరీక్షను నేర్చినప్పుడే ఫలితము కలుగును. చదువుకొన్న యువతీయువకులు తమ గ్రామమున ఎవరైనను విదేశములకు డబ్బు కట్టుచున్నారని విన్నచో, ఒక్క గంట వారితో కూర్చుండవలెనని మా మనవి. చిరునామా చివరి మాట, పేరు నమోదైన తేదీ, కంపెనీ సంఖ్య, ఈమైగ్రేట్ పట్టిక, డబ్బు అందుకొనువాని పేరు—ఈ ఐదింటిని చూచిన పిమ్మటనే చేయి ముందుకు చాపవలెను.

ఆ వెల్డరు యువకుడు ఉద్యోగపు ఆశ వదలుకొనలేదు. వదలుకొనవలసిన పనియు లేదు. ఈమైగ్రేట్ పట్టికనుండి లైసెన్సు గల ఏజెంట్ల పేర్లను తన పుస్తకములో వ్రాసికొన్నాడు. తండ్రి డబ్బును పంచె కొనకు ముడివేసికొని, తోట పత్రములను విడిపించుకొనుటకు బయలుదేరినాడు.